నేపాల్ యాత్ర ఏ నెలలో, ఏ ఎత్తుకు? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి నేపాల్ వెళ్దామనుకునే తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది ఒకటే: "ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?" ఈ ప్రశ్నకు ఒక్క నెల పేరు జవాబుగా చెప్పలేం. ఎందుకంటే నేపాల్‌లో వాతావరణం నెలను బట్టి ఎంత మారుతుందో, ఎత్తును బట్టి అంతకంటే ఎక్కువగా మారుతుంది.

దక్షిణం నుంచి ఉత్తరానికి ఆ దేశం వెడల్పు 150 నుంచి 250 కిలోమీటర్లే. ఆ కొద్ది దూరంలోనే నేల సముద్రమట్టానికి వంద మీటర్ల లోపు నుంచి 8,848 మీటర్ల దాకా లేస్తుంది. మే నెలలో ఒకే రోజున లుంబినీలో 40 డిగ్రీల ఎండకు తల తిరుగుతుంది, ముక్తినాథ్‌లో స్వెటర్ లేకుండా గది బయటికి రాలేం. కాబట్టి "నేపాల్‌కి ఎప్పుడు?" అని కాకుండా "నేను వెళ్లే తేదీల్లో నేపాల్‌లో ఏ ఎత్తు వరకు వెళ్లొచ్చు?" అని అడగాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

## 1. ముందు ఎత్తుల పట్టీ రాసుకోండి

టికెట్ల కంటే ముందు ఒక కాగితం తీసుకుని మీరు చూడాలనుకున్న ఊళ్లు రాయండి. ఒక్కో ఊరి పక్కన దాని ఎత్తు వేయండి. ఎక్కువమంది వెళ్లే చోట్లు ఇవి (అంకెలు దాదాపుగా):

- జనక్‌పూర్, లుంబినీ, వీర్‌గంజ్: 70 నుంచి 150 మీటర్లు
- చిత్వన్ అడవి: దాదాపు 200 మీటర్లు
- పోఖరా: 820 మీటర్లు
- కాఠ్మాండూ (పశుపతినాథ్): 1,400 మీటర్లు
- సారంగ్‌కోట్ (పోఖరా పైన సూర్యోదయం చూసే చోటు): 1,600 మీటర్లు
- జోమ్‌సోమ్: 2,740 మీటర్లు
- పూన్‌హిల్: 3,210 మీటర్లు
- ముక్తినాథ్: 3,700 మీటర్ల పైన

ఈ అంకెలను మనకు తెలిసిన కొండలతో పోల్చి చూడండి. కోరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్లు, అంటే పోఖరా కంటే కాస్త ఎత్తు. మహేంద్రగిరి 1,501 మీటర్లు, కాఠ్మాండూ కంటే కొంచెం ఎక్కువ. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి 1,672 మీటర్లు. మనం పుట్టి పెరిగిన జిల్లాల్లో ఎంత ఎత్తుకు ఎక్కినా ముక్తినాథ్‌లో సగానికి చేరం. అక్కడి చలి, పలచబడే గాలి మన ఒంటికి కొత్త.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ప్రతి వెయ్యి మీటర్లకు వేడి సుమారు 6 నుంచి 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అక్టోబరు మధ్యాహ్నం పోఖరాలో 26 డిగ్రీలుంటే, 2,900 మీటర్లు పైనున్న ముక్తినాథ్‌లో 8 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. అదీ మధ్యాహ్నం. రాత్రికి ఇంకా పడిపోతుంది, గాలి వీస్తే ఉన్నదానికంటే చలిగా అనిపిస్తుంది.

ఎత్తుతో పాటు అక్షాంశం కూడా లెక్కలోకి వస్తుంది. కాఠ్మాండూ మనకంటే చాలా ఉత్తరాన ఉంది. మహేంద్రగిరి ఎత్తే కదా అని జనవరిలో ఒక్క శాలువాతో వెళ్తే ఇబ్బంది పడతారు. ఆ నెలలో కాఠ్మాండూ తెల్లవారుజామున 2, 3 డిగ్రీలకు దిగుతుంది. చాలా హోటళ్లలో గది వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదు.

## 2. నెలనూ ఎత్తునూ కలిపి చూడండి

మార్చి నుంచి మే. మార్చి, ఏప్రిల్ నెలల్లో 2,000 నుంచి 3,000 మీటర్ల మధ్య కొండలు ఎర్రటి లాలీగురాంస్ పూలతో నిండిపోతాయి. నడవగలిగిన వాళ్లు పూన్‌హిల్ వెళ్లడానికి ఇది మంచి కాలం. మంచు శిఖరాల దర్శనం కోసమే వెళ్లేవాళ్లకు మాత్రం ఈ కాలాన్ని నేను సిఫారసు చేయను. అడవుల్లో మంటల పొగ, దుమ్ము కలిసి ఏప్రిల్‌లో మబ్బు లేని రోజున కూడా పోఖరా నుంచి కొండలు కనిపించకపోవచ్చు. మధ్యాహ్నం దాటాక ఉరుములు, వడగళ్లు సాధారణం. కింద తెరాయిలో, అంటే లుంబినీ, జనక్‌పూర్ వైపు, ఏప్రిల్ మధ్య నుంచే మన ఎండలకు ఏమీ తీసిపోవు.

ఒడిశా బడులకు వేసవి సెలవులు ఇచ్చేదీ అప్పుడే. పిల్లలతో వెళ్లాలంటే చాలామందికి ఇంకో దారి లేదు. అలాంటప్పుడు లుంబినీ, చిత్వన్‌లు వదిలేసి కాఠ్మాండూ, పోఖరా, ముక్తినాథ్ పెట్టుకోండి. తెరాయిని రాత్రి బస్సులోనో తెల్లవారుజామునో దాటేయండి.

జూన్ నుంచి సెప్టెంబరు. నేపాల్‌కు రుతుపవనాలు జూన్ రెండో వారంలో వస్తాయి, వెనక్కి వెళ్లేసరికి అక్టోబరు మొదటి వారం కావచ్చు. ఏడాది వానలో దాదాపు 80 శాతం ఈ నాలుగు నెలల్లోనే పడుతుంది. ఒడిశా ఏడాది సగటు వాన 1,450 మిల్లీమీటర్లయితే, పోఖరా దగ్గరి లుమ్లేలో 5,000 దాటుతుంది. మబ్బులు దక్షిణం నుంచి వచ్చి అన్నపూర్ణ కొండలకు తగిలి అక్కడే కురిసిపోతాయి. అందుకే ఆ కొండలకు అటువైపున్న జోమ్‌సోమ్, ముక్తినాథ్ ప్రాంతంలో ఏడాదికి 300 మిల్లీమీటర్లు పడటమూ కష్టమే.

దీన్ని చూపించి "వానాకాలంలోనూ ముక్తినాథ్ వెళ్లొచ్చు, అక్కడ వాన పడదు" అని ట్రావెల్స్ వాళ్లు చెప్తారు. అక్కడ వాన తక్కువన్న మాట నిజమే. కానీ అక్కడికి చేరే దారి లుమ్లే, బేనీల మీదుగా పోతుంది. కొండచరియలు విరిగిపడేది ఆ దారిలోనే. 2024 జూలై 12న నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్‌ల మధ్య సిమల్‌తాల్ దగ్గర కొండచరియ రెండు బస్సులను త్రిశూలి నదిలోకి తోసేసింది. భారత సరిహద్దు నుంచి కాఠ్మాండూ, పోఖరాలకు వెళ్లే బస్సులు ఎక్కువగా తిరిగే దారి అది. అదే ఏడాది సెప్టెంబరు చివరి వారపు వానలకు దేశంలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. జూలై, ఆగస్టుల్లో కొండదారి యాత్ర వద్దనే చెప్తాను. తప్పదనుకుంటే విమానంలో కాఠ్మాండూ వెళ్లి, లోయ దాటకుండా తిరిగి రండి.

అక్టోబరు, నవంబరు. వాన దుమ్ము కడిగేశాక ఆకాశం తేటగా ఉంటుంది. అన్ని ఎత్తులకూ అనువైన కాలం ఇదే. లుంబినీ, పోఖరా, ముక్తినాథ్, కాఠ్మాండూ నాలుగూ ఒకే యాత్రలో చూడాలంటే వేరే ఆలోచన అక్కర్లేదు. ఒక్క షరతు ఉంది, అది మూడో అంకంలో చెప్తాను.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి. పగలు పోఖరా, కాఠ్మాండూ హాయిగా ఉంటాయి, కొండలు స్పష్టంగా కనిపిస్తాయి, జనం తక్కువ. కష్టమంతా పైనా కిందా. పైన ముక్తినాథ్‌లో మంచు పడి దారి మూసుకుపోవచ్చు, నీళ్ల గొట్టాలు గడ్డకడతాయి, చాలా లాడ్జీలు మూతపడతాయి. కింద తెరాయిలో డిసెంబరు చివరి నుంచి జనవరి అంతా దట్టమైన పొగమంచు. ఎండ మొహం చూడకుండా రోజులు గడిచిపోతాయి. ఆ పొగమంచుకే బీహార్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా నడిచే రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. సంక్రాంతి సెలవుల్లో బయల్దేరేవాళ్లు తక్కువ చోట్లు పెట్టుకుని, మధ్య ఎత్తుల్లోనే తిరగడం మంచిది. చిత్వన్‌కు మాత్రం ఫిబ్రవరి బాగుంటుంది. గడ్డి కోసేసి ఉంటుంది కాబట్టి ఖడ్గమృగాలు తేలిగ్గా కంటబడతాయి.

## 3. మన క్యాలెండర్‌తో సరిచూసుకోండి

మనలాంటి సరిహద్దు జిల్లాలవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ ఆలోచన అవసరమైన మెట్టు ఇదే. బయటి ఊళ్లవాళ్లు రాసిన సలహాల్లో ఈ విషయం ఉండదు.

తుపాను తేదీలు. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖ దగ్గర దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది 2018 అక్టోబరు 11న. మూడూ దసరా సెలవుల చుట్టుపక్కలే వచ్చాయి. ఇలాంటి రోజుల్లో హౌరా, చెన్నై లైను మీద రైళ్లు ఆపేస్తారు. ఇల్లు వదిలి వెళ్లడమూ కష్టం, వెళ్లినవాళ్లకు ఇంటి గురించి టెన్షన్.

నేపాల్‌కు దీనితో ఉన్న సంబంధం ఇంకా ముఖ్యం. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను మన తీరం దాటి బలహీనపడ్డాక, అందులోని తేమ ఒక్కోసారి ఉత్తరానికి సాగి హిమాలయాలను తాకుతుంది. విశాఖను, కోరాపుట్‌ను కుదిపేసిన హుద్‌హుద్ మిగులే రెండు రోజుల తరవాత, అక్టోబరు 14న, ముక్తినాథ్ పైనున్న థొరాంగ్ కనుమ చుట్టూ మంచు తుపానుగా కురిసింది. ఆకాశం తేటగా ఉండే నెల కదా అని ఎక్కినవాళ్లలో నలభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. మన ఊళ్లో తుపాను హెచ్చరిక వినిపించిందంటే, ఆ తరవాతి మూడు నాలుగు రోజులు ముక్తినాథ్ వైపు ఎక్కకుండా ఆగండి. పోఖరాలో ఉన్నా సరే, ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చెప్పిన తుపాను వార్త మీకు కొండ వార్త కూడా.

అందుకే నా సలహా: అక్టోబరు 8 నుంచి 20 మధ్య బయల్దేరే టికెట్ తీసుకోకండి. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు 25 లోపు ముగిసేలా పెట్టుకోండి. తుపాను నవంబరులోనూ రావచ్చు, కానీ దాటుకోవడానికి మీకు సమయం ఎక్కువ ఉంటుంది.

దసరా ఎప్పుడు పడిందో చూడండి. పండగ తిథిని బట్టి వస్తుంది, రుతుపవనాలకు తిథితో పని లేదు. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది, అప్పటికి నేపాల్‌లో వానలు పూర్తిగా వదల్లేదు. ఆ వెంటనే అక్టోబరు మొదటి వారంలోనే తూర్పు నేపాల్‌లోని ఇలాంలో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. 2026లో విజయదశమి అక్టోబరు 20. "దసరాకి వెళ్దాం" అనే మాటకు ఈ రెండు ఏళ్లలో అర్థమే వేరు. పైగా దసరా నేపాల్‌కి అతి పెద్ద పండగ. కాఠ్మాండూలో ఉన్నవాళ్లంతా సొంతూళ్లకు పోతారు. బస్సులు దొరకవు, హోటళ్లు, కొట్లు మూసి ఉంటాయి. సప్తమి నుంచి పౌర్ణమి వరకు రోడ్డు ప్రయాణం పెట్టుకోకపోవడం మేలు.

కార్తీకం. పశుపతినాథ్, ముక్తినాథ్‌లను కార్తీకంలోనే చూడాలని మనవాళ్లకు కోరిక. మామూలు ఏళ్లలో ఆ నెల మంచి కాలంలోనే పడుతుంది. 2025లో కార్తీకం అక్టోబరు 22 నుంచి నవంబరు 20 వరకు ఉంది. కానీ అధికమాసం వచ్చిన ఏడాది కార్తీకం వెనక్కి జరుగుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల దీపావళి నవంబరు 8న, కార్తీకం డిసెంబరు 9 దాకా. అలాంటి ఏడాది ముక్తినాథ్‌ను కార్తీక శుద్ధంలోనే ముగించాలి. బహుళం దాకా ఆగితే డిసెంబరు చలిలో పడతారు.

కోతలు. వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో ఉంటాయి కాబట్టి పొలం ఉన్న కుటుంబాలు దీపావళి తరవాతి వారాన్నే ఎంచుకోండి. జీడితోటలవాళ్లకు మార్చి నుంచి మే తీరికుండదు. వాళ్లు వేసవి ఆలోచనే పెట్టుకోనక్కర్లేదు.

## 4. దారి, పత్రాలు, టికెట్లు

మనకు రెండు దారులు. బరంపురం లేదా పలాసలో రైలెక్కి హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటితే వీర్‌గంజ్. రెండోది గోరఖ్‌పూర్ చేరి, బస్సులో సునౌలీ సరిహద్దు దాటి లుంబినీ, పోఖరా. రాయగడ, కోరాపుట్‌లవాళ్లకు హౌరాకు నేరుగా బండి ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కోల్‌కతా నుంచి కాఠ్మాండూకు విమానం తీసుకుంటే ఒళ్లు అలవదు.

ఒక దారిలో వెళ్లి రెండో దారిలో తిరిగి రావడం మంచిది. వానల తరవాత ఏ దారి మూసుకున్నా రెండోది తెలిసి ఉంటుంది. సునౌలీ దారిలో బుట్వల్ దాటగానే సిద్ధబాబా దగ్గర కొండ మీద నుంచి రాళ్లు పడుతుంటాయి, ఆ ముక్కను పగలే దాటాలి.

- రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నెల మీద నిర్ణయం దానికంటే చాలా ముందే అయిపోవాలి.
- వీసా అవసరం లేదు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు ప్రతి ఒక్కరూ పాస్‌పోర్టు గానీ అసలు ఓటరు కార్డు గానీ పట్టుకెళ్లాలి. విమానంలో వెళ్లాలంటే వాళ్లకు ఈ రెండిట్లో ఒకటి ఉండాల్సిందే.
- వంద రూపాయల నోట్లు ఎక్కువగా తీసుకెళ్లండి. పెద్ద నోట్ల మీద నేపాల్ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి. మన రూపాయికి అక్కడ 1.60.
- ముక్తినాథ్ ప్రాంతానికి అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు పర్మిట్ కావాలి, పోఖరాలో ఇస్తారు. మనకు సార్క్ దేశాల తక్కువ రుసుము వర్తిస్తుంది.
- నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు. తిరుగు ప్రయాణపు బస్సు టైము దాన్ని బట్టే చూసుకోండి.

## 5. రోజుల వరుస: కష్టమైనది ముందు, ఖాళీ రోజు దాని వెనక

చాలా ప్యాకేజీల్లో కాఠ్మాండూ ముందు, ముక్తినాథ్ చివర ఉంటుంది. చివర్లో కొండ మీద ఒక్క రోజు వాతావరణం చెడిందంటే తిరుగు రైలు పోయినట్టే. కొండను ముందు పెట్టుకుంటే చెడిన రోజును కాఠ్మాండూ రోజుల్లోంచి సర్దుకోవచ్చు.

సునౌలీ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఈ వరుస బాగా కుదురుతుంది:

1. సరిహద్దు దాటి లుంబినీ, అక్కడే రాత్రి.
2. తెల్లవారి బయల్దేరి పోఖరా.
3. పోఖరాలో విశ్రాంతి. తెల్లవారుజామున సారంగ్‌కోట్, తరవాత పర్మిట్ పని.
4. జీపులో బేనీ, తాతోపానీ మీదుగా కాలోపానీ లేదా మార్ఫా. అక్కడ రాత్రి.
5. పొద్దున్నే ముక్తినాథ్ దర్శనం, మధ్యాహ్నానికి కిందికి దిగి జోమ్‌సోమ్ లేదా మార్ఫాలో రాత్రి.
6. తిరిగి పోఖరా.
7. ఖాళీ రోజు. అన్నీ అనుకున్నట్టు జరిగితే పోఖరా సరస్సు దగ్గర గడపండి, జరక్కపోతే ఈ రోజు ఆదుకుంటుంది.
8. కాఠ్మాండూకు ప్రయాణం. దారిలో మనకామన రోప్‌వే.
9. పశుపతినాథ్, బౌద్ధనాథ్.
10. భక్తపూర్ లేదా విశ్రాంతి.
11. వీర్‌గంజ్, రక్సౌల్.

పొగమంచు నెలల్లో దీనికి ఇంకో ఖాళీ రోజు హౌరాలో కలపాలి. రక్సౌల్ రైలు దిగిన రోజే బరంపురం రైలెక్కేలా జనవరిలో టికెట్ చేయించుకోకండి.

రోజు లోపల కూడా వరుస ఉంది. కొండలు తెల్లవారుజామున తేటగా ఉంటాయి, పది పదకొండు గంటలకల్లా మబ్బు కప్పేస్తుంది. శిఖరాల దర్శనం పొద్దున, గుళ్లు, బజార్లు మధ్యాహ్నం. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి కొండ దారిలో జీపు నాలుగు గంటలకల్లా ఊరు చేరాలి.

## 6. ముక్తినాథ్ ఎక్కేటప్పుడు

మన పెద్దవాళ్లు 108 దివ్యదేశాల్లో ఒకటని ఎంతో భక్తితో బయల్దేరేది ఈ చోటికే. ఎక్కువ జాగ్రత్త కావాల్సిందీ ఇక్కడే.

మెల్లగా ఎక్కండి. పోఖరా నుంచి జీపులో ఒకే రోజు ముక్తినాథ్ చేరొచ్చు. చేరొచ్చు కదా అని చేరకండి. ఒక్క పగలులో దాదాపు మూడు వేల మీటర్లు ఎక్కి, ఆ రాత్రి అక్కడే పడుకోవడం ఒంటికి మంచిది కాదు. 2,500 మీటర్లు దాటాక గాలిలో ఆక్సిజన్ తగ్గిన ప్రభావం కనిపించడం మొదలవుతుంది. అందుకే పై వరుసలో నాలుగో రాత్రి 2,500, 2,700 మీటర్ల మధ్య పెట్టాను. గుడి చూసి కిందికి వచ్చి పడుకోవడం అన్నిటికంటే క్షేమం. జోమ్‌సోమ్‌కు విమానంలో ఇరవై నిమిషాల్లో దిగినవాళ్లు కూడా ఆ రోజు అక్కడే ఆగి, మర్నాడు పైకి వెళ్లాలి.

లక్షణాలు గుర్తించండి. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదట వస్తాయి. అక్కడితో ఆగి విశ్రాంతి తీసుకుని, నీళ్లు తాగాలి. నడకలో తూలడం, మాట తడబడటం, కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తే వెంటనే కిందికి దింపాలి. రాత్రి అయినా, దర్శనం కాకపోయినా ఆలస్యం చేయకూడదు. కిందికి దిగడమే అసలు మందు. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందికి వాడే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి బయల్దేరే ముందే మీ డాక్టరుతో మాట్లాడండి. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టరు సరేనంటేనే ఈ ఎత్తుకు రావాలి. ఆయన వద్దంటే పశుపతినాథ్‌తో ఆగడంలో లోటేమీ లేదు.

గాలి. కాళీగండకీ లోయలో పొద్దున పది, పదకొండు నుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి ఇసుక మొహానికి కొడుతుంది. అందుకే జోమ్‌సోమ్ విమానాలు పొద్దుటి పూటే తిరుగుతాయి. పొద్దున రద్దయితే ఆ రోజుకు లేనట్టే, వెంటనే జీపు చూసుకోండి. మాస్కు, కళ్లద్దాలు చేతిసంచిలో ఉండాలి.

108 ధారలు. గుడి వెనక 108 ధారల కింద తల తడుపుకుని, ముందున్న రెండు కుండాల్లో మునగడం ఆచారం. అవి మంచు కరిగి వచ్చే నీళ్లు. నవంబరు పొద్దున డెబ్బై ఏళ్ల మనిషి పూర్తిగా మునిగితే ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. పెద్దవాళ్లకు చేత్తో నీళ్లు తీసి తల మీద చల్లుకోమని చెప్పండి. కుర్రవాళ్లు మునిగినా, పొడి బట్టలు, మందపు తువ్వాలు, మంకీ క్యాప్ గట్టు మీద పట్టుకుని ఒకరు నిలబడాలి. తడిబట్టలతో దర్శనం వరుసలో నిలబడే పద్ధతి ఇక్కడ మానుకోవాలి.

రాణీపౌవా దగ్గర జీపు దిగాక గుడి దాకా ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గుర్రాలు దొరుకుతాయి. బేరం ఎక్కకముందే తేల్చుకోండి.

## 7. బట్టలు సర్దుకోవడం

తీరంలో ఉండేవాళ్లకు చలిబట్టలు ఇంట్లో ఉండవు. అందుకని ఒక్క లావుపాటి స్వెటర్ కొని సరిపెట్టుకుంటారు. అది పోఖరా పగటికి ఎక్కువ, ముక్తినాథ్ రాత్రికి తక్కువ. ఉల్లిపొరల్లా ఒకదాని మీద ఒకటి వేసుకునేలా సర్దాలి: లోపల థర్మల్స్, దాని మీద పలచటి ఉన్ని స్వెటర్, పైన గాలి దూరని జాకెట్. లావుపాటి జాకెట్ కొననక్కర్లేదు, పోఖరాలోనూ కాఠ్మాండూ ఠమేల్‌లోనూ అద్దెకిస్తారు.

నూలు బట్ట చెమటకు తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. పైకి వెళ్లే రోజు ఒంటికి ఆనుకునే బట్ట నూలుది కాకుండా చూసుకోండి. చీర కట్టుకునే ఆడవాళ్లు లోపల థర్మల్ ప్యాంటు వేసుకుంటే ఇబ్బంది ఉండదు. చెప్పులు వద్దు, పాతపడి కాలికి అలవాటైన బూట్లు వేసుకోండి.

## 8. వాతావరణ సూచన ఎలా చూడాలి

నెల రోజుల ముందు ఫోన్‌లో చూసే సూచనకు విలువ లేదు. ఐదు రోజుల లోపుదే నమ్మదగినది. రెండు చోట్ల చూడండి: బంగాళాఖాతం కోసం భారత వాతావరణ శాఖ బులెటిన్, కొండల కోసం నేపాల్ జల, వాతావరణ విభాగం సూచన. ఫోన్‌లో "నేపాల్" అనో "పోఖరా" అనో వెతికితే సరిపోదు, జోమ్‌సోమ్ పేరు పెట్టి చూడాలి.

పోఖరాలో మూడో రోజు సాయంత్రం కూర్చుని నిర్ణయించుకోండి. కింది వాటిలో ఏ ఒక్కటి "అవును" అయినా మర్నాడు పైకి ఎక్కకండి:

- బంగాళాఖాతంలో వాయుగుండం గానీ తుపాను గానీ ఉందా?
- జోమ్‌సోమ్‌కు రాబోయే రెండు రోజుల్లో వానో మంచో పడుతుందని ఉందా?
- బేనీ దారిలో కొండచరియ పడిందని జీపు డ్రైవర్లు చెప్తున్నారా?
- మనలో ఎవరికైనా జ్వరం, దగ్గు, విరేచనాలు ఉన్నాయా?

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

ప్యాకేజీలో ఆరు రోజులకు అన్నీ చూపిస్తామన్నారు. ముక్తినాథ్‌లో రాత్రి బస ఎక్కడో, పోఖరా నుంచి ఎన్ని రోజుల్లో ఎక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి. ఒక్క రోజులో అంటే ఆ ఊరు తీసేయించండి, లేదా ఒక రాత్రి కలపమనండి.

కొండలు కనిపించలేదు. ఒక్క పొద్దున మీదే ఆశ పెట్టుకుంటే ఇలా అవుతుంది. పోఖరాలో కనీసం రెండు తెల్లవారుజాములు ఉండేలా చూడండి. ఐదో అంకంలోని వరుసలో ఇవి వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ దొరుకుతాయి.

దారి మధ్యలో కొండచరియ పడి బస్సు ఆగింది. దిగి కొండచరియ దగ్గరికి వెళ్లి చూడొద్దు, ఫోటోలు తీయొద్దు. పైనుంచి మళ్లీ జారుతుంది. వెనకనున్న ఊరికి తిరిగి వెళ్లి రాత్రి అక్కడే ఉండండి. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, రెండు లీటర్ల నీళ్లు సీటు దగ్గరే పెట్టుకుంటే పిల్లలు, పెద్దలు ఆ పూట ఆగగలరు.

పొగమంచుకు విమానం ఆలస్యమైంది. చలికాలంలో కాఠ్మాండూ విమానాశ్రయంలో పొద్దుటి విమానాలు తరచూ ఆగిపోతాయి. కోల్‌కతా నుంచి రైలు మర్నాటికి పెట్టుకోండి.

శివరాత్రికి పశుపతినాథ్ వెళ్లాం, దర్శనం కాలేదు. ఆ రోజు భారతదేశం నుంచి కూడా లక్షల మంది వస్తారు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ తేదీకి వారం అటో ఇటో జరపండి. ఫిబ్రవరి, మార్చి మధ్య వాతావరణం ఎలాగూ బాగానే ఉంటుంది.

## 10. బయల్దేరే వారంలో చూసుకోవాల్సినవి

- ఊళ్ల ఎత్తుల పట్టీ, రోజుల వరుస ఒకే కాగితం మీద రాసి ఇంట్లో ఒక నకలు
- అసలు ఓటరు కార్డులు లేదా పాస్‌పోర్టులు, రెండేసి నకళ్లు, ఫోటోలు
- రోజూ వేసుకునే మందులు యాత్ర రోజులకు మించి ఐదు రోజులకు సరిపడా, డాక్టరు చీటీతో
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తలనొప్పి మాత్రలు, ఫ్లాస్కు
- నేపాల్ సిమ్ కొనే వరకు పనిచేసేలా రోమింగ్ ప్లాన్
- ఖాళీ రోజుకు సరిపడా విడిగా కట్టిన డబ్బు, దాన్ని వేరే ఖర్చుకు తీయకుండా
- తుపాను వార్త వస్తే ఫోన్ చేయాల్సిన మనిషి ఎవరో ఇంట్లో ముందే నిర్ణయం
- బయల్దేరే ముందు రోజు రాత్రి బంగాళాఖాతం బులెటిన్, రైలు నడుస్తోందో లేదో ఒకసారి